ఫోనులో బైబిలు, ఉదయకాల ప్రార్థన: యూవర్షన్ యాప్‌పై ఒక సమీక్ష

తెలుగు క్రైస్తవ కుటుంబాల్లో ఉదయకాల ప్రార్థనకు తరతరాలుగా ఒక క్రమం ఉంది. తెల్లవారుజామున లేచి, ముఖం కడుక్కుని, ఇంటి పనులు మొదలుకాకముందే ఒక కీర్తన పాడుకుని, బైబిలులో ఒక అధ్యాయం చదువుకుని, మోకరించి ప్రార్థన చేసుకోవడం ఆ క్రమం. ఒంటరిగా చేస్తే ఏకాంత ప్రార్థన అంటారు, ఇంటిల్లిపాదీ కూర్చుంటే కుటుంబ ప్రార్థన అంటారు. కొన్నేళ్లుగా ఈ క్రమంలోకి ఫోను వచ్చి చేరింది. చాలామందికి ఇప్పుడు పొద్దున్నే కంటపడే వాక్యం జిప్పు కవరులోని నల్ల బైబిలులోది కాదు, ఫోను తెరమీద మెరిసే ఒకే ఒక్క వచనం. ఆ పనికి ఎక్కువమంది వాడుతున్న యూవర్షన్ వారి బైబిల్ యాప్‌ను ఈ ఒక్క అవసరం దృష్ట్యా పరిశీలించాను. ప్రసంగాల తయారీకి, లోతైన అధ్యయనానికి అది ఎంతవరకు పనికొస్తుందన్నది వేరే చర్చ. పొద్దున లేచి వాక్యం చదువుకుని ఆ రోజుకు కావలసిన ధైర్యం తెచ్చుకోవాలనుకునే మామూలు విశ్వాసికి అది ఎంత మేలు చేస్తుంది, ఎక్కడ తక్కువ పడుతుంది అన్నదే ఇక్కడ చూసే విషయం.

అమెరికాలోని ఓక్లహామా రాష్ట్రంలో ఎడ్మండ్ పట్టణం కేంద్రంగా ఉన్న లైఫ్.చర్చ్ అనే సంఘం ఈ యాప్‌ను తయారుచేసింది. దీనికి ఆద్యుడు బాబీ గ్రూనెవాల్డ్. 2008 జూలైలో యాపిల్ సంస్థ తన యాప్ స్టోర్‌ను తెరిచిన రోజునే అందులో దొరికిన ఉచిత యాప్‌లలో ఇదొకటి. 2021 నాటికి 50 కోట్ల పరికరాలలోకి చేరింది. విరాళాలతో నడుస్తుంది, వాడుకోవడానికి డబ్బు కట్టనక్కర్లేదు, వాణిజ్య ప్రకటనలు చూపదు. ఈ చివరి మాటను తేలిగ్గా తీసుకోవడానికి వీల్లేదు. పొద్దున్నే వీడియోలలో వాక్యం వినే అలవాటున్న వారికి తెలుసు, కళ్లు మూసుకుని ప్రార్థనలో ఏకీభవించిన క్షణాన వంటనూనె ప్రకటన వచ్చి మీద పడితే ఎలా ఉంటుందో. ఇక్కడ ఆ బాధ లేదు. ఖాతా తెరవకుండానే చదువుకోవచ్చు. రంగు పూసుకున్న వచనాలు, రాసుకున్న గమనికలు ఫోను మార్చినా పోకుండా ఉండాలంటే మాత్రం ఖాతా అవసరమవుతుంది.

తెలుగు పాఠకుడు మొదట చేసుకోవలసిన పని అనువాదాన్ని ఎంచుకోవడం. భారత బైబిలు సమాజం వారి పాత అనువాదం ఇందులో ఉంది. సరళమైన వాడుక భాషకు దగ్గరగా ఉన్న అనువాదాలూ, ఇటీవలి సవరణ అనువాదమూ ఉన్నాయి. ఏది మేలైనదన్న వాదనలోకి దిగను. ఒక్క సలహా మాత్రం ఇస్తాను. ఉదయకాల ధ్యానానికి, మీరు చిన్ననాడు సండేస్కూల్లో కంఠస్థం చేసిన అనువాదాన్నే పెట్టుకోండి. నిద్ర పూర్తిగా వదలని వేళ మనసు కొత్త వాక్యాన్ని అర్థం చేసుకోవడానికి ఎంత తడబడుతుందో, నోటికి వచ్చిన వాక్యాన్ని అంత సులువుగా ప్రార్థనగా మార్చుకుంటుంది. "యెహోవా నా కాపరి నాకు లేమి కలుగదు" అన్నది చదవడం కాదు, తలచుకోవడం. తెలుగు లేఖనాలకు ఈ జ్ఞాపకం ఇప్పటిది కాదు. విశాఖపట్నంలో పనిచేసిన లండన్ మిషనరీల అనువాదం మూడు సువార్తలుగా 1812లో బెంగాల్‌లోని శ్రీరాంపూర్‌లో అచ్చయింది. అప్పటినుంచి తరాల తరబడి నోళ్లలో నానుతూ వచ్చినదే మన బైబిలు తెలుగు. పిల్లలకు, కొత్తగా విశ్వాసంలోకి వచ్చిన వారికి పాత అనువాదంలోని "చుండెను", "యుంటిని" అడ్డుపడతాయి కాబట్టి వారికి సరళ అనువాదం పెట్టి ఇవ్వడమే మంచిది. ఒకే వచనాన్ని వేర్వేరు అనువాదాలలో పక్కపక్కన చూపించే సౌకర్యం కూడా ఉంది గాని, దాన్ని సాయంత్రానికి వాయిదా వేసుకోండి. పొద్దున్నే అది ప్రార్థనను పాఠంగా మార్చేస్తుంది.

ఇక అసలు సంగతికి వస్తాను. ఈ యాప్‌లో ఎక్కువమంది వాడేది, కొందరు అదొక్కటే వాడేది, రోజువారీ వచనం. ఏ వేళకు రావాలో మనమే నిర్ణయించుకోవచ్చు. ఐదింటికి పెట్టుకుంటే ఐదింటికి తెరమీదికి వస్తుంది. దానిని నచ్చిన బొమ్మమీద అచ్చువేసి బంధువులకు పంపుకోవచ్చు, పూలగుత్తుల "శుభోదయం" సందేశాలతో నిండిన కుటుంబ వాట్సాప్ గుంపులోకి అది కూడా చేరుతుంది. ఫోను పుణ్యమా అని రోజుకో వచనం వచ్చిందని అనుకుంటే పొరపాటు. జర్మనీలోని హెర్న్‌హూట్ గ్రామంలో మొరేవియన్ సహోదరులనే ప్రొటెస్టంట్ విశ్వాసుల మధ్య వారి నాయకుడు కౌంట్ జిన్‌జెండార్ఫ్ 1728లో ఈ అలవాటును మొదలుపెట్టాడు. ఆ రోజుకు ఒక వచనాన్ని ఇచ్చి, దాన్ని ఇంటింటికీ చేరవేసేవారు. 1731 నుంచి సంవత్సరానికి సరిపడా వచనాలను ముందుగానే పుస్తకంగా అచ్చువేయసాగారు, ఆ పుస్తకం నేటికీ ఏటా వస్తోంది. పాత నిబంధన వచనాన్ని చీటీ తీసి నిర్ణయించి, దానికి తగిన కొత్త నిబంధన వచనాన్ని మనుషులు వెతికి జతచేస్తారు. మన దగ్గర డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో వరుసలో నిలబడి వాగ్దానపు కార్డు తీసుకుని, దాన్ని బీరువా తలుపుకో దేవుని మాటలున్న క్యాలెండరు పక్కనో అంటించి ఏడాదంతా చూసుకునేవారికి ఆ చీటీ పద్ధతి కొత్తగా అనిపించదు. కాబట్టి వచనం ఒక్కటే ఇవ్వడం యాప్ చేసిన తప్పేమీ కాదు. పని ఒత్తిడి ఎక్కువగా ఉన్న ఇంట్లో, పాలు పొంగేలోపు కంటపడే ఒక్క మాట కూడా మేలే. "నిబ్బరముగలిగి ధైర్యముగా నుండుము. దిగులుపడకుము జడియకుము" అని యెహోషువ మొదటి అధ్యాయంలోని మాట చదివి ఇంటర్వ్యూకు వెళ్లిన పిల్లవాడికి అది ఎంత ఆసరా అవుతుందో చెప్పనక్కర్లేదు.

అయితే ఆ ఒక్క వచనం దగ్గరే ఆగిపోతే అందేది సగం ఆదరణే అని నా అభిప్రాయం, ఈ సమీక్షలో నేను గట్టిగా చెప్పదలచినది కూడా అదే. ఎక్కువమంది ఇష్టపడి పంచుకునే వచనాలలో యిర్మీయా 29వ అధ్యాయం 11వ వచనం ఒకటి: "నేను మిమ్మును గూర్చి ఉద్దేశించిన సంగతులను నేనెరుగుదును, రాబోవు కాలమందు మీకు నిరీక్షణ కలుగునట్లుగా అవి సమాధానకరమైన ఉద్దేశములేగాని హానికరమైనవి కావు." సూర్యోదయపు బొమ్మమీద అది ఎంతో బాగుంటుంది. దానికి ముందున్న పది వచనాలు చదివితే సంగతి వేరుగా ఉంటుంది. అది యెరూషలేమునుండి బబులోనుకు చెరగా వెళ్లినవారికి యిర్మీయా రాసి పంపిన ఉత్తరం. అంతకుముందు అధ్యాయంలో హనన్యా అనే ప్రవక్త లేచి, రెండేళ్లలో అంతా చక్కబడుతుంది, మందిరపు ఉపకరణాలన్నీ తిరిగి వస్తాయి అని జనాన్ని సంతోషపెట్టాడు. యిర్మీయా అది అబద్ధమన్నాడు. పరాయి ఊళ్లోనే ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటుకోండి, పెళ్లిళ్లు చేసుకోండి, మిమ్మల్ని చెరపట్టిన ఆ పట్టణపు క్షేమం కోసమే ప్రార్థన చేయండి అని రాశాడు. ఎందుకంటే తిరిగి రావడానికి డెబ్బై ఏళ్లు పడుతుంది. ఆ ఉత్తరం విప్పి చదివిన పెద్దవారిలో చాలామంది ఆ డెబ్బయ్యో ఏడు చూడరు. ఆ మాట చెప్పిన తర్వాతనే "సమాధానకరమైన ఉద్దేశములు" వస్తాయి.

ఉద్యోగం రాని ఏడాదిలోనో, వీసా కోసం ఎదురుచూస్తున్న నెలల్లోనో ఆ వచనం ఒక్కటే చదివితే, ఈ నెలాఖరుకల్లా పని అవుతుందన్న పూచీలా వినిపిస్తుంది. నెలాఖరు దాటిపోతే వచనం మీదే అనుమానం పుడుతుంది. అధ్యాయమంతా చదివినవారికి ఆ ప్రమాదం లేదు. ఆలస్యమవుతుందని దేవుడే ముందుగా చెప్పాడు, ఆ ఆలస్యంలో ఎలా బతకాలో కూడా చెప్పాడు. హనన్యా ఇచ్చినది ప్రోత్సాహమే, యిర్మీయా ఇచ్చినదీ ప్రోత్సాహమే. ఏది ఎన్నాళ్లు నిలుస్తుందన్నదే తేడా. రోజుకో వాగ్దానమంటూ తీయని మాటలు మాత్రమే వడ్డించే వీడియో ప్రసంగాలు చూసినప్పుడల్లా నాకు హనన్యాయే గుర్తుకు వస్తాడు.

విలాపవాక్యముల గ్రంథం సంగతి ఇంకా స్పష్టం. "అనుదినము నూతనముగా ఆయనకు వాత్సల్యత పుట్టుచున్నది నీవు ఎంతైన నమ్మదగినవాడవు" అన్న మాట తెల్లవారుజాము ప్రార్థనకోసమే రాసినట్టు ఉంటుంది. అది మూడో అధ్యాయంలో 23వ వచనం. ఆ అధ్యాయంలో మొత్తం 66 వచనాలున్నాయి. హీబ్రూ అక్షరమాలలోని 22 అక్షరాలకు అక్షరానికి మూడు చొప్పున పేర్చిన కవిత్వం అది. క్రీస్తుపూర్వం 586 ప్రాంతంలో బబులోను సైన్యం యెరూషలేమును, మందిరాన్ని తగలబెట్టిన తరువాత పుట్టిన దుఃఖం అందులో ఉంది. మొదటి వచనంలోనే "నేను ఆయన ఆగ్రహదండముచేత బాధ ననుభవించిన నరుడను" అంటాడు కవి. నా ప్రార్థన వినబడకుండా ఆయన చెవి మూసుకున్నాడు అని కూడా అంటాడు. అంత చెప్పుకున్నాక, ఆ బూడిద కుప్పమధ్య కూర్చుని, వాత్సల్యం ప్రతి ఉదయం కొత్తగా పుడుతుందని గుర్తుచేసుకుంటాడు. ఆ తరువాత మళ్లీ ఏడుపులోకి వెళ్తాడు. ఆ పక్కలు రెండూ కోసేసి మధ్య మాట ఒక్కటే ఇస్తే, ఆసుపత్రి వరండాలో రాత్రంతా కూర్చున్న మనిషికి అది ఎవరో సుఖంగా ఉన్నవాడు చెప్పిన మాటలా తోస్తుంది. ముందు ఇరవై వచనాలు కూడా చదివితే, తనకంటే ఎక్కువ పోగొట్టుకున్నవాడు చెప్పిన మాటగా చేరుతుంది.

ఉదయం అనే మాట ఉండి కూడా ఎవరూ బొమ్మగా చేసి పంపుకోని కీర్తన ఒకటుంది, 88వది. కోరహు కుమారుల కీర్తనగా, ఎజ్రాహీయుడైన హేమాను రచనగా దానికి శీర్షిక ఉంది. "ఉదయమున నా ప్రార్థన నిన్ను ఎదుర్కొనును" అని 13వ వచనం. ఆ ప్రార్థనకు జవాబు ఆ కీర్తనలో రాదు. చివరి మాట "చీకటియే నాకు బంధువర్గమాయెను." అంతే, అక్కడితో కీర్తన ముగుస్తుంది. మిగతా విలాప కీర్తనలలో చాలావాటికి ఉన్నట్టు చివర స్తుతి లేదు. ఇలాంటిది పొద్దున్నే చదివితే దిగులు పెరగదా అని అడిగేవారున్నారు. నా అనుభవం దానికి విరుద్ధం. మనసు బాగాలేని ఉదయాన సంతోషపు వచనం చదివితే, సంతోషించలేకపోతున్నానన్న నేరభావం కూడా తోడవుతుంది. 88వ కీర్తన చదివినప్పుడు, ఇలా కూడా ప్రార్థన చేయవచ్చు, ఇది కూడా పరిశుద్ధ గ్రంథంలో ఉంది అన్న ఊరట కలుగుతుంది. జవాబు రాకపోయినా అతడు ఉదయాన్నే వెళ్లి అడిగాడు. ప్రోత్సాహమంటే అది కూడా.

ఈ విషయంలో యాప్‌కు ఇవ్వవలసిన మెప్పు ఇచ్చి తీరాలి. వచనం మీద వేలు పెడితే పూర్తి అధ్యాయం తెరుచుకుంటుంది, దానికి వేరే వెతుకులాట అక్కర్లేదు. గోడ క్యాలెండరుకు, వాగ్దానపు కార్డుకు, వాట్సాప్ బొమ్మకు ఈ సౌలభ్యం లేదు. కాబట్టి లోపం సాధనంలో కన్నా వాడే పద్ధతిలోనే ఎక్కువ ఉందనాలి. అయితే తయారుచేసినవారు ముందు పెట్టినది వచనాన్నీ, దాని చుట్టూ అందమైన బొమ్మనూ. అధ్యాయాన్ని ఒక అడుగు వెనక పెట్టారు. తెల్లవారుజామున మనిషి ఆ ఒక్క అడుగు వేయడు.

చదివే ప్రణాళికల విషయంలో తెలుగువారికి కొంత నిరాశ తప్పదు. ఆంగ్లంలో ఉన్నన్ని ప్రణాళికలు తెలుగులో లేవు. ఉన్నవాటిలో కొన్ని చక్కగా ఉన్నాయి. మరికొన్నింటి ధ్యానాలు ఆంగ్లంలో ఆలోచించి తెలుగు అక్షరాల్లోకి దింపినట్టుంటాయి. చదువుతుంటే ఎవరో మన వరండాలో కూర్చుని మాట్లాడుతున్నట్టు కాక, విమానాశ్రయంలో ప్రకటన చదువుతున్నట్టు ఉంటుంది. వాటికోసం తాపత్రయపడకుండా, వ్యాఖ్యానం లేని, వట్టి అధ్యాయాల ప్రణాళికను తీసుకోవడం మేలు. బైబిలులో 1,189 అధ్యాయాలున్నాయి, ఏడాదిలో ముగించాలంటే రోజుకు మూడుకు మించి చదవాలి. స్కాట్లాండులోని డండీ పట్టణంలో కాపరిగా ఉన్న రాబర్ట్ మర్రీ మెక్‌చేన్ 1842లో తన సంఘానికి రాసి ఇచ్చిన పట్టిక ఇంకొంచెం బరువు. అందులో రోజుకు దాదాపు నాలుగు అధ్యాయాలు, రెండు కుటుంబ ప్రార్థనకు, రెండు ఏకాంత ప్రార్థనకు. ఏడాదిలో పాత నిబంధన ఒకసారి, కొత్త నిబంధన, కీర్తనలు రెండేసిసార్లు పూర్తవుతాయి. అంత నిష్ఠ ఉన్నవారికి అది గొప్ప క్రమమే. ఉద్యోగానికి బస్సు పట్టుకోవలసినవారు దానితో మొదలుపెడితే మూడో పుస్తకమైన లేవీయకాండముకల్లా చేతులెత్తేస్తారు.

నేను సిఫారసు చేసేది కీర్తనల గ్రంథం. రోజుకు ఒకటి చొప్పున వరుసగా, ఏదీ వదలకుండా, నచ్చినా నచ్చకపోయినా చదువుకుంటూ పోవడం. 150 కీర్తనలు అయిదు నెలల్లో పూర్తవుతాయి. వేగంగా కావాలంటే ఇంగ్లండు సంఘం వారి ఆంగ్లికన్ ప్రార్థన పుస్తకం 1549 నుంచి అనుసరిస్తున్నట్టు ఉదయం, సాయంత్రం కలిపి నెలకొకసారి ముగించవచ్చు. సామెతలకు 31 అధ్యాయాలు కాబట్టి తేదీని బట్టి అధ్యాయం చదివే పాత అలవాటు కూడా కుటుంబ ప్రార్థనకు బాగా పనికొస్తుంది. గుర్తు పెట్టుకోవడానికి యాప్ కూడా అక్కర్లేదు. వరుసగా చదవడంలో ఉన్న మేలేమిటంటే, మన మనఃస్థితికి తగ్గ వచనాన్ని మనం వెతుక్కోం. మనం నవ్వుతున్న రోజున విలాపం ఎదురవుతుంది, ఆ వేళ ఎవరో ఏడుస్తున్న పొరుగువారి పేరు ప్రార్థనలోకి వస్తుంది.

వరుసగా ఎన్ని రోజులు యాప్ తెరిచామో లెక్కపెట్టి చూపే ఏర్పాటు ఒకటుంది, బిరుదుల్లాంటి గుర్తులు కూడా ఇస్తుంది. అలవాటు మొదలుపెట్టే మొదటి నెలలో ఇది కొందరికి ఊతమవుతుంది, యువకులు దాన్ని పందెంలా తీసుకుని చదవడం నేను చూశాను. కాని అది లెక్కపెట్టేది తెరవడాన్ని, ప్రార్థించడాన్ని కాదు. రాత్రి పదకొండు దాటాక లెక్క తెగిపోతుందేమోనని ఒక్క క్షణం తెరిచి మూసేసేవారు ఎవరికోసం తెరిచినట్టు? జ్వరమొచ్చి ఒకరోజు మానితే అంకె సున్నాకు పడిపోవడం, ఆ సున్నాను చూసి నాలుగు రోజులు మానేయడం కూడా జరుగుతుంది. ఆ సూచనలను ఆపివేసుకునే వీలుంది, ఆపివేయమనే చెబుతాను. దీనికి భిన్నంగా, ప్రణాళికలో వెనకబడితే తేదీలను ముందుకు జరిపి, మళ్లీ ఈరోజునుంచే కొనసాగించనిచ్చే సౌకర్యం మాత్రం ఎంతో దయగలది. తప్పిన రోజులను బాకీలా నెత్తిన పెట్టదు.

వినే సౌకర్యాన్ని తెలుగు ఇళ్లు ఇంకా పూర్తిగా వాడుకోవడం లేదనిపిస్తుంది. అన్ని అనువాదాలకూ ధ్వని లేదు, ఉన్నవాటి పక్కన స్పీకరు గుర్తు కనిపిస్తుంది. వంటింట్లో ఫోనును పోపుల డబ్బా పక్కన నిలబెట్టి, కూర తరుగుతూ ఒక సువార్త అధ్యాయం వినడం ఏ గృహిణికైనా సాధ్యమే. చత్వారం వచ్చిన పెద్దలకు అక్షరాలను పెద్దవి చేసే అమరిక ఉంది. ముద్రిత బైబిలులో రెండు నిలువు వరుసల్లో కిక్కిరిసిన సన్నని అక్షరాలతో, వత్తులు ఒకదానిమీద ఒకటి ఎక్కినట్టుండే పేజీలతో అవస్థపడేవారికి ఇదొక్కటే చాలు, ఫోను కొనివ్వడానికి. గల్ఫులో పనికి వెళ్లినవారు, రెండు షిఫ్టుల మధ్య శిబిరంలో మంచంమీద కూర్చుని ఊళ్లో భార్యతో కలిసి ఒకే ప్రణాళికను చదువుకోవడానికి కూడా ఇందులో వీలుంది. స్నేహితులను చేర్చుకుని, ప్రతి రోజు భాగం కింద ఒకరి మాట ఒకరు చదువుకోవచ్చు. వేళలు వేరైనా అధ్యాయం ఒకటే అవుతుంది. అమెరికాలో పిల్లల దగ్గర ఉంటున్న తల్లిదండ్రులకు, తెలుగు సంఘం దూరంగా ఉన్న ఊళ్లలో, ఇది చిన్నపాటి కుటుంబ ప్రార్థనలా పనిచేస్తుంది.

ప్రార్థన మనవులు రాసుకునే చోటు కూడా ఇచ్చారు. దాన్ని మనకే ఉంచుకోవచ్చు, స్నేహితులతో పంచుకోనూవచ్చు. మనకే ఉంచుకోవడానికి అది మంచిదే, నెలల తరువాత వెనక్కి తిరిగి చూసుకుంటే ఏమడిగామో, ఏమయిందో కనబడుతుంది. పంచుకునేటప్పుడు మాత్రం జాగ్రత్త అవసరం. ఇతరుల రోగాలు, ఇంటి గొడవలు, పిల్లల సంబంధాల సంగతులు ప్రార్థన మనవి పేరుతో అందరికీ తెలిసిపోవడం మన సంఘాల్లో కొత్తేమీ కాదు. ఫోను దాన్ని ఇంకొంచెం సులువు చేస్తుంది. వారి అనుమతి లేకుండా పేరు రాయకపోవడం కనీస మర్యాద.

మొత్తంమీద నా అంచనా ఐదుకు నాలుగు. ఉచితంగా, ప్రకటనలు లేకుండా, ఇన్ని తెలుగు అనువాదాలను ఒక్కచోట ఇచ్చినందుకు, వచనం నుంచి అధ్యాయానికి దారి చూపినందుకు ఆ నాలుగు. తెలుగు ధ్యానాల నాణ్యత సమంగా లేనందుకు, రోజుల లెక్కకు అంత ప్రాముఖ్యం ఇచ్చినందుకు ఒకటి తగ్గించాను. ముద్రిత బైబిలును అలవాటుగా చదివేవారు దాన్ని మానేసి దీనికి మారవలసిన పనిలేదు. ఎడమ పేజీలో కింది మూలన ఫలానా వచనం ఉంటుందని కంటికి తెలిసే ఆ గుర్తు ఫోనులో దొరకదు. ప్రయాణాల్లో ఉండేవారికి, అక్షరం చిన్నదై చదవలేని పెద్దలకు, ఇంట్లో తెలుగు బైబిలే లేని పిల్లలకు మాత్రం నిస్సందేహంగా ఇది తగినది.

చివరగా వాడుకకు సంబంధించిన ఒక్క సంగతి. మార్కు సువార్త మొదటి అధ్యాయంలో యేసు "పెందలకడనే లేచి యింకను చాలా చీకటి యుండగానే" అరణ్యప్రదేశానికి వెళ్లి ప్రార్థన చేస్తుంటే, సీమోను, అతనితో ఉన్నవారు వెతుక్కుంటూ వచ్చి "అందరు నిన్ను వెదకుచున్నారు" అంటారు. ఫోనుతో ప్రార్థనకు కూర్చున్నవారికి ఆ మాట వాట్సాప్ మోతగా వినిపిస్తుంది. వాక్యం ఉన్న తెరమీదికే బ్యాంకు సందేశాలు, ఆఫీసు మెయిళ్లు, క్రికెట్ స్కోర్లు వచ్చి వాలుతుంటాయి. అందుకని ఫోనును విమాన మోడ్‌లో పెట్టి చదవడమే సరైన పద్ధతి. అలా చదవాలంటే అనువాదాన్ని ముందుగానే ఫోనులోకి దింపుకుని ఉండాలి. ప్రచురణకర్తల అనుమతిని బట్టి కొన్నింటికే ఆ వీలుంటుంది కాబట్టి, మీరు ఎంచుకున్న తెలుగు అనువాదానికి అది ఉందో లేదో రాత్రి పడుకునేముందే చూసి, దింపుకుని, మరునాటి అధ్యాయాన్ని తెరిచి ఉంచుకోండి.